రోడ్డు దాటిన ఈక్వేషను

"మూడు వారాల్లో ఈక్వేషన్లు కంపోజ్ చేయడం నేర్చుకున్నానంటే మీరు నమ్మరు గానీ," అన్నాడు కంపోజర్ బాబాయి, ప్రెస్సుకి ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని. "అసలైతే పదిహేడు రోజులే. మిగతా నాలుగు రోజులూ నాకు జ్వరం."

అంటూనే ప్రెస్సు తలుపు వైపు చూశాడు. కొట్టుకి వచ్చిన దగ్గర్నుంచీ అలా చూడటం అది పదోసారి. పాతికేళ్లుగా ఆ ప్రెస్సులో పుస్తకాల పేజీలు కూర్చిన మనిషి. ఇప్పుడు బడిపిల్లల లెక్కల పుస్తకం ఒకటి అచ్చుకి వచ్చింది. నాలుగింటికల్లా నమూనా పేజీ తప్పుల్లేకుండా వెళితే ప్రెస్సులో కుర్చీ బాబాయిదే. లేకపోతే లెక్కలొచ్చిన ఇంకొకణ్ణి తెచ్చుకుంటానని ఓనరు మొహం మీదే చెప్పేశాడు. బాబాయికి చిన్నప్పుడు లెక్కల పరీక్ష అంటే ఆ రోజు పొద్దున్నే కడుపునొప్పి. అందుకే ఈ వయసులో ఫోన్లో మొదటి మెట్టు ఆల్జీబ్రా పాఠాలు వింటూ, దాంతోపాటే ఈక్వేషన్లు టైపు చేసే పద్ధతీ నేర్చుకుంటున్నాడు. పేజీ రెండింటికే తప్పులు దిద్దే ప్రూఫ్ మేడమ్ చేతికిచ్చాడు. మూడైనా ఆవిడ బయటికి రాలేదు. ఆ భయంలో నోరు ఎలా ఊరుకుంటుంది?

"అంత కష్టమా బాబాయ్ అది?" అన్నాడు బైకుల మెకానిక్కు.

"కష్టమా అంటావేంట్రా! అందులో మౌసు పనికిరాదు. వెనక్కి వాలిన గీత ఒకటి కొట్టి, ఏం కావాలో మాటల్లో రాసిస్తే, భిన్నమైనా వర్గమూలమైనా కంప్యూటరే కట్టిస్తుంది. మొదటి రోజు ఎక్స్ నెత్తిన పది పెట్టమన్నాను. ఒకటి ఎక్కింది, సున్నా కిందే కూచుంది. రెండూ కలిసి ఎక్కాలంటే మీసాల బ్రాకెట్లో పెట్టాలి. ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. చూడగానే తట్టేసింది."

చూడగానే ఏమీ తట్టలేదు. ఆ పాఠం ఏడుసార్లు విన్నాడు. చివరికి వాళ్లావిడ వంటింట్లోంచి వచ్చి, భుజం మీంచి చూసి, "ఆ రెండు అంకెలూ ఒక సంచిలో పెట్టరాదూ?" అంటే అప్పుడు వెలిగింది.

ప్రెస్సు తలుపు తెరుచుకుంది. ప్రూఫ్ మేడమ్ చంకలో అట్ట ఫైలుతో రోడ్డు దాటి వచ్చి, బల్ల చివర కూచుని, టీ అడిగింది. ఆవిడ మొహంలో మంచీ కనపడదు, చెడూ కనపడదు. ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల తప్పులన్నీ దిద్దీ దిద్దీ అలా అయిపోయింది. "పేజీ బాగుందా మేడమ్?" అని ఒక్క ముక్క అడిగితే పోయేది. బాబాయి నోట ఆ ఒక్క ముక్కా రాలేదు. దాని బదులు వేరేది వచ్చింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు గొంతు పెంచి. "ఆ పది నెత్తిన ఇంకో పది పెట్టా. దాని నెత్తిన ఇంకోటి. నాకు విసుగొచ్చేదాకా పెడుతూనే పోయా. ప్రింటు కొడితే కాయితం చాలక అంకెలు పైకి లేచి సీలింగుకి తగిలాయి. ఫ్యాను ఆగిపోయింది. ఓనరు నిచ్చెన తెప్పించి, ఒక్కో సున్నా ఒక్కో సున్నా కిందికి దించాల్సొచ్చింది!"

"పోయినవారం కరెంటు పోయి ఫ్యాను ఆగింది, అదేనా అన్నయ్యా?" అంది టీ కొట్టు అక్క పాలు తిరగబోస్తూ.

"అది వేరు, ఇది వేరు."

మేడమ్ ఒక గుక్క తాగింది. ఫైలు మీద చెయ్యి తీయలేదు. ఆ చెయ్యి కింద తన కుర్చీ ఉందో ఊడిందో బాబాయికి తెలియడం లేదు.

"అదంతా ఒకెత్తు. మొన్న ఒక ఈక్వేషను కట్టాను చూడండీ, ఎంత పొడవంటే, ప్రెస్సులో మొదలెడితే ఈక్వల్స్ గుర్తు సరిగ్గా ఈ రోడ్డు మధ్యలో పడింది. కుడివైపు ముక్క పోయి ఈ పక్కనున్న టైలర్ బావ కొట్లో తేలింది!"

బల్ల మీదే టీ తాగుతున్న టైలర్ తల ఎత్తాడు. "నా కొట్లోనా? నాకు కనపళ్లేదే!"

"నువ్వప్పుడు భోజనానికెళ్లావు బావా. ఇక లెక్క విప్పాలి కదా? ఇటున్నదాన్ని అటు పంపాలి. రోడ్డు మీద బస్సులూ లారీలూ! ట్రాఫిక్ పోలీసు విజిలేసి రెండువైపులా ఆపేశాడు. నేను ముందు చెయ్యి చాపుకుంటూ, వెనకాల ఈక్వేషన్లో పదాలు ఒక్కొక్కటే... అంబులెన్సు కూడా ఆగి, మీరు కానివ్వండి సార్ అంది. చివరికి ఎక్స్ ఒక్కటీ మిగిలి, చేతులు జోడించి, 'బాబాయ్, ఇన్నాళ్లూ నన్నెవరూ ఇలా పట్టుకోలేదు' అంటే, దేశదేశాల లెక్కల మాస్టార్లు అంతా..."

"రోడ్డు దాటించిన ఆ పదానికి ముందు మైనస్ ఉందా?" అంది మేడమ్.

అందరూ అటు తిరిగారు.

"ఉంది మేడమ్. ఎందుకుండదూ?"

"మరి నీ పేజీలో లేదే!" ఫైలు తెరిచి పేజీ బల్ల మీద పెట్టింది. ఎడమ అంచు వెంబడి, ప్రతి లెక్కకీ ముందు ఒకటి చొప్పున చుట్టిన పదకొండు ఎర్ర సున్నాలు. "ఇక్కడ మూడు ఎక్స్ ఈక్వల్స్ పన్నెండు అన్నావు. కింది లైన్లో ఎక్స్ అంటే మైనస్ నాలుగు అన్నావు. పిల్లలు చదివే పుస్తకమయ్యా ఇది."

బాబాయి ఆ సున్నాల వంక చూశాడు. తన చేతులే చేశాయి ఈ పని. పాతికేళ్లుగా లైను చివర విరిగిన మాటల మధ్య పుల్లలాంటి చిన్న గీత కనపడితే చాలు, తీసి పారేసి మాట కలపడం అలవాటు. పొద్దున పేజీ అంతా అందంగా సర్దుతుంటే, అంచు దాటి బయటికి పొడుచుకొచ్చిన గీతలు కనపడ్డాయి. అన్నీ ఏరేశాడు. పేజీ ఎంత నీటుగా వచ్చిందో అని మురిసిపోయాడు కూడా.

టైలర్ నవ్వబోయి, బాబాయి మొహం చూసి ఊరుకున్నాడు.

"రాతప్రతి చూసి ఇప్పుడే పెట్టేస్తాను మేడమ్."

"అది ఓనరు గదిలో ఉంది. అడిగితే ఎందుకంటాడు."

"మరి ఏ లైనుకి ఉందో, ఏ లైనుకి లేదో నాకెలా తెలుస్తుంది?"

"లెక్క చేస్తే తెలుస్తుంది."

బాబాయి గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "నాకు లెక్కలు రావు మేడమ్," అన్నాడు, ఎవరికీ వినపడకూడదన్నట్టు. "మైనస్ పాఠం దగ్గరే ఆగిపోయాను. భయమేస్తోంది. ఈ కుర్చీ పోతే ఇంకే పనీ నాకు చేతకాదు."

ఆవిడ జాలి పడలేదు. ఎర్ర పెన్ను మూత తీసి అతని చేతిలో పెట్టింది. "మూడుసార్లు మైనస్ నాలుగు ఎంత?"

బాబాయి పెదాలు కదిలాయి. వేళ్లు మడిచాడు. మెకానిక్కు చెప్పబోతే టీ కొట్టు అక్క కళ్లతోనే ఆపింది.

"మైనస్ పన్నెండు."

"నీకు కావాల్సింది?"

"ఉత్త పన్నెండు." పెన్ను కాయితం మీద ఆనించి, మూడుకి ముందున్న ఎర్ర సున్నాలో చిన్న గీత గీశాడు. "దీనికి ముందు మైనస్ ఉండాలి. రెండు మైనస్‌లూ కొట్టుకుపోయి పన్నెండు మిగలాలి. అంతేనా మేడమ్?"

మేడమ్ టీ గ్లాసు కింద పెట్టి లేచింది.

"ఇందాకటి నుంచి నువ్వు చెప్పినవాటిలో ఇదొక్కటే నిజం. పద, నాలుగయ్యేలోపు ఇంకా పది చెప్పాలి."