ఒకే గూటి చిమ్మటలు

మ్యూజియం వెనకగదిలో పురుగుల శాస్త్రవేత్తా, గూళ్ళకు నీళ్ళు చల్లే ఆయమ్మా ఇద్దరూ ఒక పెద్ద పట్టుగూటి ముందు నిలబడి ఉన్నారు. ఆఫ్రికా నుంచి వచ్చిన ఆ గూడు ఒకే జాతి పురుగులు బోలెడు కలిసి అల్లుకున్నది.

“సార్, ఈ పెద్ద చిమ్మటా, ఆ చిన్న నల్లదీ ఈ ఒక్క గూట్లోంచే వచ్చాయి.”

“కుదరదమ్మా. అవి వేరే వేరే జాతులు. చిన్నదానికి మా అమ్మ పేరు పెట్టింది నేనే.”

“పొద్దున్నుంచీ కళ్ళార్పకుండా చూశాను సార్. ఇప్పుడు మీరే చూడండి, జతకట్టాయి.”

“అబ్బ! అయితే పెద్దది ఆడది, చిన్నది మగది. రెండూ ఒకటే జాతి!”

“మరి అమ్మగారి పేరో?”

“ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. పెద్దదాని పేరు వందేళ్ళనాటిది. అమ్మ పేరు కొట్టెయ్యాలి.”

“అయ్యో, చెప్పకుండా ఉండాల్సింది.”

“భలేదానివమ్మా! మొగుణ్ణీ పెళ్ళాన్నీ ఇరవయ్యేళ్ళు వేరే అరల్లో పెట్టాను. మా అమ్మ వింటే నా చెవి మెలేసేది. కదలకు, ఆ రెక్కలు చూడు.”