కండ్లు మూసుకున్న దండం

హలో… ఆ, జయరామప్పా, నేనే, మగ్గం పాపయ్యని. బెంగుళూరు పోస్టాఫీసు నుంచి… మా ఇంటామె వచ్చిందా మీ పట్టు అంగడికి?… పుణ్యముంటాది, ఫోను ఆమెకివ్వప్పా.

…కదిరమ్మా? తిరగేసి పట్టుకున్నట్టుండావు… ఆ, ఇప్పుడు వినిపిస్తా ఉండాది. మూడు నిమిషాలే ఇస్తారంట, చెప్పేది విను.

మన సుశీలను డాక్టరుకు చూపిస్తి. ఎక్స్‌రే పటం తీసినారు… కాదు, బిందెలు మోసి వచ్చిన వంకర కాదంట. ఎదిగే వయసులో వెన్నెముకే పక్కకు తిరిగిందంట. యుద్ధంలో సిపాయిల వెన్నులు చూసిన డాక్టరు, ఆయప్పకు తెలీదా?

…కట్టు వెయ్యరంట. పన్నెండో ఏట తెచ్చుంటే పిండికట్టు వేసి, ముదరకుండా చూసేవాళ్ళమనె. ఇప్పుడు పదహారు. మొక్కై వంగనిది మానై వంగునా అంటామే… ఎముకా అంతేనంట.

…ఏడవద్దే, అంగట్లో నలుగురుంటారు… సరే. ఏడువు.

…ఆ, మెట్లెక్కితే ఆయాసం కూడా దాని వల్లనే. ఇంకా ఎక్కువ కావచ్చుననె.

…బయట బల్ల మీద కూచోని ఉండాది. అంతా తెలుసు, ఆమె ముందరే చెప్పె డాక్టరు. ఒక్క మాటే అనింది. "నాయనా, టైలరు తిమ్మరాయప్పకు చెప్పు, ఆయప్ప సరిగ్గానే కుట్టినాడని."

…మరిచిపోతివా? నాలుగేండ్ల కింద. రవిక ఒక భుజం ఎత్తుగా కుట్టినాడని పోట్లాడితిమే! "అమ్మా, బిడ్డ భుజాలే సమంగా లేవు, కొలత ప్రకారమే కత్తిరిస్తి" అనె పాపం. పెండ్లి కావాల్సిన బిడ్డకు వంక పెడతావా అని నువ్వు రవిక విసిరేస్తివి. నేను టైలరునే మారిస్తి.

…నిన్ను అనేదేముంది? నా సంగతి విను. డాక్టరు ఏం చేసె అనుకుంటివి? బిడ్డను వొంగమనె. అంతే. చేతులు వేలాడేసి వొంగితే, కుడి పక్క వీపు మిట్టలాగా లేచింది…

రోజూ దీపం ముందర నా పక్కనే వొంగి దండం పెట్టుకునే బిడ్డ కదే. దేవుడు రోజూ చూపిస్తానే ఉండె. నేను కండ్లు మూసుకోని ఉంటి. భక్తి అనుకుంటి… ఇది ఎట్లాంటి భక్తి కదిరమ్మా? ఎవరిని అడిగేది?

…ఉండు. శాంత వచ్చిందా నీతో?… దానికి పదకొండు నిండలేదు కదా. అక్కకుంటే చెల్లెలికీ రావచ్చు, చూసుకోండి అనె డాక్టరు… ఇంటికి పోయినాక కాదు, ఇప్పుడే… జయరామప్పను బయట నిలబడమను, ఏమీ అనుకోడు. ఆ గోడకు దేవుడి పటం ఉంటాది చూడు. దండం పెట్టుకోమను. బాగా వొంగాల, చేతులు కిందికి. నువ్వు వెనకాల నిలబడి చూడు… ఫోను కింద పెట్టు, నేనుంటా. కండ్లు తెరుచుకోని చూడు తల్లీ.

…

…ఆ? ఎవరు, ఎక్స్‌ఛేంజా? అయిపోయిందా? అమ్మా, ఒక్క క్షణమమ్మా… ఒక్క మాట వినేసి పెట్టేస్తా…

కదిరమ్మా! చూస్తివా? రెండు పక్కలూ సమంగా ఉండాయా?

…గట్టిగా చెప్పే, వినిపించలే!

…హలో… కదిరమ్మా… హలో—