తప్పు వాయిస్తే చెప్పేవాడు

హలో… గుర్తుపట్టావా, నేనే బావా. ఆసుపత్రి నుంచి. … లేదు, బతికే ఉన్నాను. పోయాక కూడా ఫోన్ చేసేంత ప్రేమ నీ మీద నాకు లేదు.

అక్క పక్కనుందా? … అయితే అలా వరండాలోకి రా. … వచ్చావా?

రేపు పొద్దున నా తల తెరుస్తారట. … అవును, ఆ గడ్డ తీయడానికే. తెరిచి, నన్ను మెలకువగా ఉంచి, చేతికి గిటార్ ఇచ్చి వాయించమంటారట.

… నవ్వెయ్. నవ్వడం అయ్యాక చెప్పు.

… కథ కాదు బావా. మన రికార్డింగ్ స్టూడియో మీద పిడుగు పడితే దాన్ని మైకులో పట్టి డ్రమ్ముల కింద కలిపానని చెప్పాను చూడు, అది కథ. ఇది కాదు. … ఒట్టు. అక్క మీద ఒట్టు.

… పైన చర్మానికి మత్తిస్తారు. లోపల మెదడుకి నొప్పి తెలియదట. నా గడ్డేమో వేళ్లు ఆడించే చోటుకీ, చెవికి వినిపించే చోటుకీ మధ్య దూరి కూర్చుంది. కోసే ముందు ఒక్కో చోటా కాస్త కరెంటు తగిలించి చూస్తారు. అప్పుడు నా వాయింపు తప్పితే ఆ చోటు ముట్టుకోరు. తప్పు ఎవరూ కనిపెట్టకపోతే… కోసేస్తారు. ఇక వేళ్లైనా పోతాయి, వినికిడైనా పోతుంది.

… భయం కాక మరేంటి.

… ఆగు, చెప్పనీ. నిన్న డాక్టరమ్మ నా వాయింపు వినడానికొచ్చింది. మన పాత ట్యూనొకటి వాయించాను. మధ్యలో కావాలనే స్వరాన్ని పక్కకి లాగాను, ఎప్పుడూ లాగుతానే, అలా. ఠక్కున తప్పు అంది. కాదమ్మా, జాజ్ అంటే అదే అన్నాను. ఆ తర్వాత నిజంగానే వేలు జారింది. … చప్పట్లు కొట్టింది బావా.

… చూశావా, నువ్వూ నవ్వడం మానేశావు.

మీ వాయింపు ఎరిగినవాళ్లు ఆపరేషన్ గదిలో కూర్చుంటే బాగుంటుందని ఆవిడే అంది. నీ పేరు చెప్పాను.

… నువ్వే ఎందుకేమిటి? నువ్వు సాక్సోఫోన్ ఊదిన ప్రతి పాటా స్టూడియోలో రికార్డు చేసింది నేనే కదా. గిటారిస్టు రాని రోజు రికార్డింగ్ టేపు ఆన్ చేసి, పరిగెత్తుకొచ్చి నీ పక్కన గిటార్ వాయించి, మళ్లీ పరిగెత్తి టేపు ఆపాను. అప్పట్నుంచీ నేను తప్పినప్పుడల్లా మొహం మీద చెప్పింది నువ్వొక్కడివే. మిగతావాళ్లు, వీడికి కోపమొస్తే మన వాయిద్యం సౌండు తగ్గించేస్తాడని నోరు మూసుకునేవాళ్లు.

… తగ్గించేవాణ్ణే అనుకో.

… రక్తం చూడక్కర్లేదు. మధ్యలో గుడ్డ కడతారు. నువ్వు నా మొహం వైపు కూర్చుంటావు. తప్పు వినబడగానే చెయ్యెత్తుతావు. అదే నీ పని.

… నువ్వు పొరబడితేనా? … నాకూ అదే భయం. కానీ నువ్వు గదిలో లేవనుకుంటే, అది ఇంకా పెద్ద భయం.

… ఇప్పుడా? ఇక్కడా? … పక్క మంచం ఆయన కునుకు తీస్తున్నాడు. సరే, మెల్లగా వాయిస్తా. ఫోన్ దిండు మీద పెడుతున్నాను, ఉండు.

…

…

విన్నావా? అచ్చం ఆ రోజుల్లోలా లేదూ?

… ఏంటి, తప్పానా?

… స్వరం పైకి వెళ్లేచోటా? … లేదు బావా. అది సరిగ్గానే వాయించాను.

… ఉండు, మళ్లీ వాయిస్తాను.

…

ఇప్పుడు? … ఇప్పుడూనా?

… ఒట్టేసి చెప్పు. … ఆటపట్టించడానికి కాదుగా?

… నాకు తేడా వినిపించలేదు బావా. నాకు… శుభ్రంగా వినిపించింది.

… ఆ. … ఆ. … ఏడవకు, అక్క వింటుంది.

… డాక్టరమ్మకి ఇప్పుడే చెబుతాను. … చెబుతానన్నానుగా.

… రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే బయలుదేరతావా? … రా.

నువ్వొచ్చేదాకా గిటార్ ముట్టుకోను.