అచ్చుతప్పు

సిరిసిల్ల. కరెంటు పోయి మరమగ్గాలు ఆగిన మధ్యాహ్నం. నేత పనిచేసే ఎల్లేశం ఇంటికి జగిత్యాల నుంచి బాపు రావు వచ్చాడు. మనుషుల మాట మీద పరిశోధన చేసి రిటైరైన ప్రొఫెసర్.

“పడుగు.”

“గట్ల కాదు ఎల్లేశం. ముప్పయ్యేండ్ల కింద నా టేపుల చెప్పినట్టు చెప్పు. సాగదీసి.”

“పడుగును సాగదీస్తం గని బాపు రావు సారూ, పడుగన్న మాటను ఎవలు సాగదీస్తరు?”

“నువ్వే. ‘పడూగూ’ అన్నవ్. మగ్గాల చప్పుడుల బతికెటోళ్లు అచ్చులు సాగదీస్తరని గా రోజే కనిపెట్టిన.”

“అచ్చులా? మగ్గానికుండే అచ్చా, పోగులు దూరేది?”

“అ, ఆ, ఇ, ఈ... గా అచ్చు. నీ అచ్చు మీద నా పుస్తకం అచ్చయింది. ఏడు దేశాలల్ల పరిశోధన చేసెటోళ్లు నా పేరు రాస్తరు.”

“గన్ని దేశాలోళ్లు మీ ఇంటికస్తరా మరి?”

“పేరు రాస్తరయ్యా. మనుషులు రారు. ఫోన్ గూడ... చాయ్ చల్లారుతున్నది, తాగు.”

“మా ఇంట్ల చాయ్ నన్నే తాగుమంటున్నరు. సరే, గిప్పుడేమాయె?”

“రేపు శ్రుతి అని పరిశోధన చేసే కోరుట్ల పిల్ల నీ దగ్గరికస్తది. యాభై మంది నేతోళ్ల మాట రికార్డు చేసిందట. ఒక్కలు గూడ సాగదీస్తలేరట. ‘గా ఎల్లేశం ఒక్కడేనా సార్ గట్ల మాట్లాడేది’ అని అడుగుతున్నది.”

“పేరే శ్రుతి. శ్రుతి తప్పిందని పట్టుకున్నదన్నట్టు.”

“నవ్వకు. రేపొక్క రోజు సాగదియ్యి. నా బతుకంతా గా ఒక్క మాటే.”

“తీస్త తియ్యుండ్రి, నా సొమ్మేం పోతది. గని... ఒకటి చెప్తే తప్పువట్టరు గద?”

“చెప్పకు. అవసరం లేదు.”

“గా రోజు మీరు చెవులకు రెండు నల్ల డబ్బాలు పెట్టుకున్నరు గద.”

“హెడ్‌ఫోన్లవి. చెప్పకన్న గద.”

“మాకేమెర్క? మగ్గాల కాడ సగం మందికి చెవులు పోతయి. మీక్కూడ పోయినయనుకున్నం. మా ఇంటామె శాంత చూసి, ‘పాపం సారుకు చెవుడు, మిషన్ పెట్టుకున్నడు, సాగదీసి చెప్పు’ అన్నది. గందుకే నేను...”

“కరెంటెప్పుడస్తది మీకు?”

“ఐదు దాక రాదు. సారూ, శాంత పోయి తొమ్మిదేండ్లాయె. ఫోటో ఉన్నది గని గొంతు లేదు. మగ్గాలు ఆగితే చాలు, గీ ఇంట్ల చెవులు గుయ్యిమంటయి. గా రోజు ఆమె అన్న మాట మీ టేపుల వడ్డదా?”

“మాటలు చెప్పింది నువ్వు. ఆమెను నేను...”

“వడకపోతే వడలేదనుండ్రి. రేపు మీ మాటైతే ఎట్లయిన చెప్త.”

“...వడ్డది. ఫోన్ల ఎక్కించుకొచ్చిన. ఇగో, చెవి దగ్గర పెట్టుకో.”

“‘పాపం సారుకు చెవుడు’... శాంతనే. గదే గొంతు. మల్లొక్కసారి పెట్టుండ్రి. గింత సాఫ్‌గ ఉన్నది గద సారూ, మీరు ఇనలేదా?”

“రేపు శ్రుతి అస్తే ముందుగాల గిది ఇనిపియ్యి.”

“నేనడిగింది గది కాదు సారూ.”

“గా రోజే ఇన్న, ఎల్లేశం. ముప్పయ్యేండ్లసంది చెవిటోని లెక్క బతికిన.”