సుజిత్ పేరు పెట్టిన కొండ

గల్ఫు నగరంలో డేరా అనే పేటలో మూడో అంతస్తు ఫ్లాటు. దక్షిణ ధ్రువ ఖండం ఒడ్డున, కొండల మధ్యనున్న పరిశోధనా స్టేషన్లో బళ్ళు బాగుచేసే సుజిత్ గురించి అక్కడి అధికారి నుంచి ఫోనొచ్చింది. చెల్లెలు శ్రీజ ఎత్తింది. తల్లి సుభద్ర ఆమె భుజం వదలడం లేదు.

“ఏమంటున్నాడే? తెలుగాయనేనా? స్పీకర్లో పెట్టు.”

“ఆగమ్మా! సార్, చెప్పండి... నిన్న మధ్యాహ్నం నుంచా?”

“ఖలాస్. అయిపోయింది. మంచులో కూరుకుపోయాడు. పోయాడే నా తండ్రి!”

“పోలేదు! మంచు స్కూటరు వేసుకెళ్ళి తిరిగి రాలేదట. ఈలోగా మంచుగాలి లేచింది. ఎటు వెళ్ళాడో ఎవరికీ చెప్పలేదట.”

“ఎవరికీ ఏంటి? నాకు చెప్పాడుగా! కల్బా కొండకి.”

“కల్బా కొండ ఇక్కడుంది. మొన్న శుక్రవారమేగా నాన్నతో వెళ్ళొచ్చాం.”

“ఆ కల్బా కాదే, అక్కడిది! ఎక్కి ఫోటో తీసి పంపిస్తానన్నాడు.”

“సార్, కల్బా కొండ అని... లేదా? అమ్మా, అలాంటిది మ్యాపులోనే లేదట. అక్కడివన్నీ నార్వే వాళ్ళూ రష్యా వాళ్ళూ పెట్టిన పేర్లట.”

“అయితే వాడు అబద్ధమాడాడంటావా నాతో?”

“నోరు తిరగని పేరు చెప్తే హడలి చస్తావని వాడే పెట్టుకునుంటాడు. కల్బా అంటే నీకు నిద్ర పడుతుందని.”

“నా నిద్ర కోసమా... అయ్యో, నా బాబూ!”

“ఏడవకు. ఏడవకమ్మా. ఇంకేం చెప్పాడు?”

“వాడేం చెప్పలేదు, నేనే అడిగాను. జారితే సముద్రంలో పడతావా అని.”

“అబ్బా, నీ పిచ్చి ప్రశ్నలు! అందుకే వాడు ఫోను పెట్టేస్తాడు.”

“పెట్టెయ్యలేదు. నవ్వాడు. సముద్రం కొండకి అవతలమ్మా, నేనెక్కే వైపు చెరువే, గడ్డకట్టేసింది, పడ్డా మునగనన్నాడు.”

“సార్, ఒక్క నిమిషం! ఎక్కే వైపు చెరువుందట... అలాంటివి చాలా ఉన్నాయా? అమ్మా, ఏ చెరువు?”

“నాకేం తెలుసే! గాలికి ఎగిరిపోతే ఏం పట్టుకుంటావురా అన్నాను. కొండ నెత్తిన ఎవరో పాతిన ఇనప స్తంభం వంగిపోయి ఉందట. దాన్ని కావలించుకుంటాడట, వెధవ.”

“సార్, వంగిపోయిన ఇనప స్తంభం... ఏంటి సార్?”

“ఏమైందే? ఏమంటున్నారు? చెప్పవే!”

“స్తంభమున్న కొండ చెరువుల వైపుందట, ఇప్పటిదాకా సముద్రం ఒడ్డునే వెతుకుతున్నారట.”

“అయ్యో, అయ్యో...”

“ఇదిగో, ఫోను పట్టుకో. నీతోనే మాట్లాడతారట. అన్నయ్యని ఇంకా ఏమేం అడిగావో, ఒక్క ప్రశ్న వదలకుండా చెప్పమంటున్నారు.”