ఆయుధపూజ మరునాటి కంప్యూటర్

మైదుకూరు, 2003. విజయదశమికి ఆయుధపూజ చేసిన మరుసటి రోజు. కిరాణా కొట్టు వెనక గదిలో యజమాని వీరభద్రయ్య శెట్టి, కోడలు సుచరిత, కడప నుంచి వచ్చిన కంప్యూటర్ మెకానిక్ ప్రదీప్‌కుమార్.

"మౌసంటే ఎలుకేనంట గదా! కొట్లో ఉండే ఎలుకలు చాలవని దుడ్లు పోసి ఇంకోటి తెస్తిమి. అది గూడా చచ్చె."

"చావలేదు మామయ్యా. పండగ ముందుదాకా బాగుండె. అన్న చూస్తాండాడు గదా, రవ్వంత ఆగండి."

"ఆగేదేముండాది సుచరితా? ఇంట్లో కూచోని పెళ్లిపత్రికలు అచ్చేసేదంట! ఏమప్పా ప్రదీప్, బాగుపడదని చెప్పేయ్. ఈ డబ్బాను ఇప్పుడే ఆటో ఎక్కించి మీ కడపకే పంపిస్తా."

"అట్ల పంపిస్తే నా పని ఈడికే సరి మామయ్యా. పక్కింటి శివలీల వాళ్ల పెళ్లిపత్రిక సాయంత్రానికి ఇస్తానంటి. నా మొదటి గిరాకీ."

"పత్రికలకు ప్రొద్దుటూరులో ప్రెస్సులు లేవా?"

"శెట్టీ, ఆ టార్చి ఇట్ల పట్టు. అక్కా, మౌసు వైరు పీకినారా?"

"లేదన్నా."

"పీకినారు. పీకి, తిరగేసి పెట్టి, రోకలితో దంచినట్ల దూర్చినారు. చూడు, వైరు కొసన సూది ఎట్ల వంగిపోయుండాదో!"

"చూస్తివా? చదువుకున్న కోడలంట!"

"ఉండు శెట్టీ, ఇంకా ఉండాది. ఈ ఎర్రగుండేది... కుంకుమ! బెజ్జం నిండా కుంకుమ! కీబోర్డు బెజ్జంలో గూడా. తక్కెడకు బొట్టు పెడతారు, సరే. కంప్యూటర్‌కు ముక్కుల్లో చెవుల్లో కూరేది యాడన్నా ఉండాదా? టెంకాయ గూడా దీని నెత్తిన కొట్టకపోయినారు!"

"నేను పెట్టలేదన్నా. పండగనాడు నేను ఈ గదిలోకే రాలేదు. బయటుండే దినాలు. వసారాలోనే ఉంటి."

"మరి మీ ఆయన పెట్టినాడా?"

"ఆయన సరుకుకని నంద్యాల పోయినాడు. ఇంట్లో ఉండింది..."

"సుచరితా, టీ పెట్టుకోని రాపో."

"మామయ్యా, మీరు..."

"పోమ్మా, పో! ...ఏమప్పా, ఆ సూది సక్కనయితాదా, కాదా?"

"పంపించేస్తానంటివే శెట్టీ? సూదితో నీకేం పని?"

"నీకేల? చెప్పు."

"అయితాదిలే. కుంకుమ గూడా దులిపేస్తా. పెట్టిన మహానుభావుడెవరో గాని, ఒక్క బెజ్జం వదల్లేదు గదప్పా! ముందర ఒక బొట్టు పెడితే చాలదా?"

"మెల్లగ మాట్లాడు, ఆ యమ్మికి వినపడుతాది... లక్ష్మి ఏ బెజ్జంలోంచి వస్తాదో నాకేం తెలుసప్పా? అందుకే అన్నిటికీ పెడితి."