తలేయా మడత పడవ

ఆ సంచులా? మీ అమ్మమ్మవేనమ్మా. పట్టుకుపోవడానికేగా వచ్చావు, పోదువుగానిలే. ముందు టీ తాగు. అయ్యో, చెంచాతో తిప్పకు, కలకండ దానంతటదే కరుగుతుంది. మీ హాంబర్గ్ వాళ్లకి అన్నీ తొందరే.

ఏం చెబుతున్నా? ఆఁ, మీ అమ్మమ్మ, తలేయా. అందరూ ప్లాస్టిక్ పడవలు కొని కార్ల నెత్తిన కట్టుకు తిరుగుతుంటే, ఆవిడ ఒక సంచి వీపున, ఇంకోటి చక్రాల బండి మీద వేసుకుని రైలు దిగేది. ఒకదాంట్లో కర్రలు, ఇంకోదాంట్లో గుడ్డ తొడుగు. "ఒన్నో, నాకు కారు లేదు, షెడ్డు లేదు, మొగుడూ లేడు. పడవ మాత్రం మంచం కింద పడుంటుంది, గురక కూడా పెట్టదు" అనేది నాతో. ఏం నోరనుకున్నావు! ఈ సముద్రం గట్టు మీదే, గొర్రెల మధ్య కూర్చుని, కర్రలు ఒకదానికొకటి తగిలించి, తొడుగులోకి దూర్చి బిగిస్తే అరగంటలో పడవ. పెద్ద విద్యేం కాదు. కెరటం వస్తే దాంతోపాటు కాస్త వంగుతుంది, ముసలి నడుములకి అదే సుఖం.

మడత పడవల వాళ్లం మేం ఆరుగురం, ఆదివారాలు కలిసి నీళ్లలోకి వెళ్లేవాళ్లం. చిన్నవాడికి అరవై ఎనిమిది. రూలు నేనే పెట్టాను: ఎవరి పడవ వాళ్లే బిగించుకోవాలి. బిగించుకోలేనివాడు గట్టు మీదే. వేళ్లలో ఆ మాత్రం పట్టు లేనివాడు నీళ్లలో పడవ బోల్తా కొడితే ఏం చేస్తాడు చెప్పు?

మీ అమ్మమ్మకి డెబ్బై తొమ్మిదో ఏట వేళ్ల కణుపులు వాచిపోయాయి. అరగంట పని రెండు గంటలైంది. ఇక్కడ సముద్రం మనకోసం ఆగదుగా, పాటు మొదలై నీళ్లు వెనక్కి తీస్తే మిగిలేది బురదే. రెండు ఆదివారాలు ఆవిడ బిగించేసరికి నీళ్లు వెళ్లిపోయాయి. రెండోసారి సంచులు నా షెడ్డులో పడేసి రైలెక్కింది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆవిడంటే నాకు ఇష్టమమ్మా. దాచడం దేనికి, ఇప్పుడు నవ్వేవాళ్లెవరున్నారు.

మూడో ఆదివారం పొద్దున్నే నేనే బిగించి గడ్డిలో పెట్టాను. ఆవిడ వచ్చింది, చూసింది. మోకాళ్ల మీద కూర్చుని భుజందాకా చెయ్యి లోపల పెట్టి ఒక్కో కీలూ తడిమింది. పడవ ముక్కు దగ్గర ఆగింది. "ఈ కీలు పడలేదు ఒన్నో." "ఏదో తొందరలో" అన్నాను. "తొందర కాదు. ఏదీ, పిడికిలి బిగించు." బిగించలేకపోయాను. "నీ పడవ విప్పి ఎన్నాళ్లయింది?" రెండేళ్లుగా నాది షెడ్డులో బిగించే ఉంది. విప్పితే మళ్లీ బిగించలేనని భయం.

ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఆ కీలు తనే తంటాలుపడి బిగించుకుని మిగతావాళ్లతో వెళ్లింది. నేను నడుంనొప్పి అని ఉండిపోయాను. తిరిగొచ్చి, ఒళ్లంతా తడిసి, నవ్వుతూ, "వచ్చే ఆదివారం నీది కూడా విప్పు. రెండూ ఇద్దరం కలిసి బిగిద్దాం, అందరి ముందూ. నువ్వుంటే నేనింకో నాలుగేళ్లు తిరుగుతాను" అంది. సరేనన్నాను.

అందరి ముందా? రూలు పెట్టినవాణ్ణి. జ్వరమని కబురు పెట్టాను.

ఆ రోజు వాళ్లంతా నీళ్లలోకి వెళ్లిపోయారు. ఆవిడ సంచులు విప్పనైనా విప్పకుండా గట్టు మీద కూర్చుంది, బురద తేలేదాకా. తర్వాత సంచులు నా షెడ్డులో పెట్టి వెళ్లిపోయింది, మరి రాలేదు. నాకెలా తెలుసంటే, ఇదిగో, ఈ కిటికీలోంచే చూస్తూ నిలబడ్డాను.

నీ రైలు ఎన్నింటికన్నావమ్మా?